కొత్త లాప్‌టాప్‌లో విండోస్ 11 తీసి విండోస్ 10 వేసుకోవడం ఎలా?

మా చిన్నాన్నగారి అబ్బాయికి డీటీపీ సెంటర్ ఉంది. ఒక మాఘమాసంలో, పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, అతని పాత కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. బల్ల మీద దిద్దవలసిన శుభలేఖల ప్రూఫులు కట్టలుగా పడి ఉన్నాయి. ఆ సాయంత్రమే కొత్త లాప్‌టాప్ కొని తెచ్చాడు. అందులో విండోస్ 11 ఉంది. పేజ్‌మేకర్ ఎక్కింది, అను ఫాంట్లు ఎక్కాయి. అయితే అతని పనికి ప్రాణమైన మరో సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ డాంగిల్, అంటే తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం, పెడితేనే తెరుచుకుంటుంది. ఆ డాంగిల్ డ్రైవర్, అంటే దాన్ని విండోస్‌కు పరిచయం చేసే ప్రోగ్రామ్, ఎక్కలేదు. అమ్మినవారికి ఫోన్ చేస్తే విండోస్ 10 వరకే తాము చూసుకోగలమన్నారు. "అన్నయ్యా, పదిలోకి మార్చేద్దాం" అన్నాడు.

మార్చాం. రెండు రాత్రులు పట్టింది. అసలు ఇన్‌స్టలేషన్‌కు పట్టింది అరగంటే. మిగిలిన సమయమంతా ముందుగా సిద్ధం చేసుకోవలసినవి చేసుకోకపోవడం వల్ల పోయింది. మీకు ఆ రెండు రాత్రులు మిగలాలని, ఏది ముందు ఏది తర్వాత అన్నది వరుసగా రాస్తున్నాను.

ముందు ఇది ప్రయత్నించండి

విండోస్ 11తో వచ్చే కొత్త లాప్‌టాప్‌లలో సాధారణంగా 'మెమరీ ఇంటెగ్రిటీ' అనే రక్షణ ముందే పనిచేస్తూ ఉంటుంది. పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లను అది లోపలికి రానివ్వదు. పాత డాంగిళ్లు, పాత స్కానర్లు, ఎంబ్రాయిడరీ యంత్రాల కార్డు రీడర్ల వంటివి మొరాయించడానికి తరచూ ఇదే కారణం. విండోస్ సెక్యూరిటీ తెరిచి, 'డివైస్ సెక్యూరిటీ'లో 'కోర్ ఐసోలేషన్' వివరాల్లోకి వెళ్లి దాన్ని ఆపి, రీస్టార్ట్ చేసి చూడండి. రక్షణ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ మొత్తం సిస్టమ్‌ను మార్చడం కంటే అది చిన్న త్యాగం. ప్రోగ్రామ్ ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని 'కంపాటిబిలిటీ' ట్యాబ్‌లో పాత విండోస్ పేరు ఎంచుకోవడం కూడా ఒకసారి చేసి చూడండి. ఈ రెండింటితో పని జరిగితే ఇక్కడితో ఆగిపోండి.

మీ సాఫ్ట్‌వేర్ మరీ పాతదై 32 బిట్ విండోస్ తప్ప ఒప్పుకోనిదైతే దారి వేరు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. విండోస్ 10లో ఉంది కానీ అది ఇప్పటి లాప్‌టాప్‌లలో బూట్ కాదు, అంటే మొదలవదు. వీటిలో లాప్‌టాప్‌ను నిద్రలేపే మొదటి ప్రోగ్రామ్ 64 బిట్ యూఈఎఫ్ఐ. వాడుకలో దీన్నీ బయోస్ అనే అంటారు. పాత బయోస్‌లా నటించే సీఎస్ఎమ్ సదుపాయాన్ని తయారీదారులు తీసేశారు. విండోస్ 7 వేద్దామనుకునేవారికీ ఇదే గోడ అడ్డొస్తుంది. దానికి తోడు ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీని (ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే వేగమైన డిస్కును) గాని, యూఎస్‌బీ 3 పోర్టులను గాని విండోస్ 7 సొంతంగా గుర్తించలేదు. అలాంటి అవసరం ఉంటే విండోస్ 11ను అలాగే ఉంచి, కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత విండోస్‌ను వేసుకోండి. ఆ పాత విండోస్‌కు వేరే లైసెన్సు ఉండాలి.

ఇంకొక మాట. విండోస్ 11 సెట్టింగులలో రికవరీ కింద 'గో బ్యాక్' మీట కనిపిస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు. విండోస్ 10 నుంచి అప్‌గ్రేడ్ అయిన కంప్యూటర్‌లో, అదీ పది రోజుల లోపు మాత్రమే అది పనిచేస్తుంది. ఫ్యాక్టరీ నుంచి 11తో వచ్చిన యంత్రానికి వెనక్కి వెళ్లే చోటే లేదు.

కాలం గురించి ఒక మాట

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మామూలు వాడకందారుల కోసం ఈఎస్‌యూ పేరుతో భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించారు. ఆ తర్వాత బయటపడే లోపాలకు మందు రాదు. అందుకే నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఒక నిర్దిష్టమైన పని కోసం, ఒక యంత్రం కోసం, ఒక డాంగిల్ కోసం వెనక్కి వెళ్లండి. స్టార్ట్ మెను నచ్చలేదనో, కుడి క్లిక్ మెను కుదించారనో వెళ్లవద్దు. వాటిని సరిచేసుకునే మార్గాలు 11లోనే ఉన్నాయి. వెనక్కి వెళ్లిన లాప్‌టాప్‌లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. ఆ పనులకు ఫోనో, ఇంకో కంప్యూటరో ఉంచుకోండి.

మీ లాప్‌టాప్ ఒప్పుకుంటుందా?

లాప్‌టాప్‌ను తిరగేస్తే అడుగున సీరియల్ నంబరు ఉంటుంది. డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు. తయారీ సంస్థ సపోర్ట్ సైట్‌లో ఆ నంబరు కొట్టి డ్రైవర్ల పేజీకి వెళ్లండి. అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకునే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో విండోస్ 10, 64 బిట్ అని ఉంటే మీ పని సగం తేలికైనట్టే. విండోస్ 11 ఒక్కటే ఉంటే అసాధ్యమని కాదు. ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్‌విడియా, రియల్‌టెక్ వంటి చిప్పుల తయారీదారుల నుంచి ఒక్కో డ్రైవరూ వెతికి తెచ్చుకోవాలి. ఓపిక ఉంటేనే దిగండి.

ప్రాసెసర్ కూడా చూడండి. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్ ఉన్న లాప్‌టాప్ అయితే ఈ వ్యాసం మీకు కాదు. అది ఏఆర్ఎమ్ జాతి చిప్, మనం వేసే విండోస్ 10 దాని మీద బూట్ కాదు. ఇంటెల్ 12వ తరం నుంచి చాలా ప్రాసెసర్లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలుంటాయి. వాటి మధ్య పని పంచే నేర్పు 11లో మెరుగ్గా ఉంది. 10లో పని ఆగదు, కానీ బ్యాటరీ కాస్త త్వరగా దిగవచ్చు. వై-ఫై 6ఈ కార్డు ఉంటే దాని 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ 10లో అందదు. మామూలు 2.4, 5 బ్యాండ్లు పనిచేస్తాయి.

లైసెన్సు సంగతి. లాప్‌టాప్‌తో వచ్చింది విండోస్ 11 ప్రో అయితే, విండోస్ 10 ప్రోకు దిగే హక్కు ఆ లైసెన్సు ఒప్పందంలోనే ఉంది. హోమ్ అయితే ఆ హక్కు రాసి లేదు. మీదేదో సెట్టింగులలో 'సిస్టమ్', ఆ తర్వాత 'అబౌట్' తెరిస్తే తెలుస్తుంది. వ్యాపారం కోసం కొంటున్నవారు, ఇలా మార్చుకోవలసి వస్తుందని ముందే తెలిస్తే, ప్రో ఉన్న మోడల్ కొనడం మేలు. ఎల్‌టీఎస్‌సీ అనే రకం విండోస్ 10కు ఇంకా ఎక్కువ కాలం మద్దతు ఉన్న మాట నిజమే. కానీ అది సంస్థలకూ, యంత్రాల తయారీదారులకూ ఇచ్చేది. నాలుగైదు వందలకు కీ ఇస్తామనేవారి మాట వినవద్దు.

తుడిచే ముందు చేయవలసినవి

కొత్త లాప్‌టాప్ పెట్టె తెరిచీ తెరవగానే పెన్‌డ్రైవ్ పెట్టేయకండి. ముందు విండోస్ 11లోకి మామూలుగా వెళ్లండి. మన దేశంలో అమ్మే చాలా లాప్‌టాప్‌లతో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉచితంగా వస్తుంది. దాని హక్కు ఆ లాప్‌టాప్‌కు కట్టుబడి ఉంటుంది. వర్డ్ తెరిచి, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, ఆఫీస్‌ను ఆ ఖాతాకు కలపండి. ఒకసారి కలిపితే ఆ తర్వాత విండోస్ మారినా ఖాతా పేజీ నుంచి ఆఫీస్‌ను మళ్లీ దించుకోవచ్చు. కలపకుండా డిస్కు తుడిచేస్తే వేల రూపాయల వస్తువు కోసం సర్వీసు కేంద్రాల చుట్టూ తిరగాలి.

రెండోది, బిట్‌లాకర్ కీ. కొత్త లాప్‌టాప్‌లో మీరు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కు దానంతటదే బిట్‌లాకర్ రక్షణలో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి, ఉండవచ్చు. తర్వాత మీరు బయోస్‌లో కొన్ని మార్పులు చేస్తే నీలిరంగు తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో డివైస్‌ల పేజీలో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ఉపయోగం లేదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, వెనక్కి వచ్చే దారి. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. 16 జీబీ కనీసం, 32 అయితే నిశ్చింత. స్టార్ట్‌లో 'రికవరీ డ్రైవ్' అని వెతికి ఆ ప్రోగ్రామ్ తెరవండి. సిస్టమ్ ఫైళ్లను కూడా బ్యాకప్ చేయమనే టిక్కు తప్పకుండా ఉంచండి. ఆ టిక్కు లేకపోతే ఆ పెన్‌డ్రైవ్ విండోస్‌ను తిరిగి వేయలేదు. దీనికి గంటో రెండు గంటలో పడుతుంది, పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా పోతుంది. పూర్తయ్యాక దాని మీద మోడల్ పేరు, తేదీ రాసి చీటీ అంటించండి. హెచ్‌పీ, డెల్, లెనోవో తమ మోడళ్లకు సొంత రికవరీ సాధనాలను కూడా సీరియల్ నంబరు మీద ఇస్తున్నాయి. ఉన్నా సరే, చేతిలో ఒక పెన్‌డ్రైవ్ ఉండటమే ధైర్యం.

సొంత ఫైళ్లు ఏవైనా అప్పటికే ఎక్కించి ఉంటే బయటి హార్డ్ డిస్కుకు తీసుకోండి. డీటీపీ పని చేసేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ తెలిసిన ఉమ్మడి అక్షర పద్ధతి) కావు. ఫైలు ఉండి ఫాంటు లేకపోతే తెర మీద అర్థం లేని గుర్తులు తప్ప తెలుగు కనిపించదు. కాబట్టి పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్లనూ, ఇన్‌స్టలేషన్ సీడీ కాపీనీ భద్రం చేయండి.

రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక మౌస్

రికవరీ డ్రైవ్ కాక ఇంకో రెండు పెన్‌డ్రైవ్‌లు కావాలి. ఒకటి విండోస్‌కు. కనీసం 8 జీబీ ఉండాలి. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని విండోస్ 10 డౌన్‌లోడ్ పేజీ నుంచి 'మీడియా క్రియేషన్ టూల్' దించుకుని నడపండి. వేరే కంప్యూటర్ కోసం మీడియా తయారుచేయమని ఎంచుకోండి. సిఫారసు చేసిన ఎంపికలే వాడమనే టిక్కు తీసేసి, ఇంగ్లీషు, విండోస్ 10, 64 బిట్ అని మీరే చూసి పెట్టండి. తెలుగు తర్వాత కలుపుకోవచ్చు. వచ్చేది 22హెచ్2, అంటే విండోస్ 10లో చివరి రకం. దుకాణంలోనో తెలిసినవారి దగ్గరో దొరికే పెన్‌డ్రైవ్ కాపీ ఎంత చేతికందేలా ఉన్నా వద్దు. అందులో విండోస్‌తో పాటు ఇంకేమి కలిపారో మీకు తెలిసే మార్గం లేదు.

రెండో పెన్‌డ్రైవ్ డ్రైవర్లకు. సపోర్ట్ పేజీ నుంచి విండోస్ 10 డ్రైవర్లన్నీ ముందే దించి ఇందులో పెట్టండి. చిప్‌సెట్, సీరియల్ ఐఓ, గ్రాఫిక్స్, వై-ఫై, బ్లూటూత్, ఆడియో, టచ్‌ప్యాడ్, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్. మిగతావి తర్వాత తెచ్చుకోవచ్చు గాని వై-ఫై డ్రైవరూ, ఇంటెల్ లాప్‌టాప్ అయితే ఈ చివరి స్టోరేజ్ డ్రైవరూ లేకుండా మొదలుపెట్టవద్దు.

స్టోరేజ్ డ్రైవర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. దాన్ని మామూలుగా డబుల్ క్లిక్ చేసే ఫైలుగా ఉంచితే ఇన్‌స్టలేషన్ సమయంలో పనికిరాదు. విప్పి, లోపలి ఫైళ్లు బయటికి కనిపించే ఫోల్డరుగా పెట్టాలి. కొందరు తయారీదారులు ఎఫ్6 డ్రైవర్ అనే పేరుతో విప్పినదాన్నే జిప్ చేసి ఇస్తారు. హెచ్‌పీ ఫైలును వేరే కంప్యూటర్‌లో నడిపితే సీ డ్రైవ్‌లో ఎస్‌డబ్ల్యూసెటప్ అనే ఫోల్డరులోకి విప్పుకుంటుంది. చాలావాటిని 7-జిప్‌తో విప్పవచ్చు. ఫోల్డరు తెరిచినప్పుడు ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్ అనే తోకలున్న ఫైళ్లు కనిపిస్తే సరిగ్గా విప్పినట్టు.

యూఎస్‌బీ మౌస్ ఒకటి దగ్గర పెట్టుకోండి. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌ల టచ్‌ప్యాడ్‌కు సీరియల్ ఐఓ డ్రైవర్ కావాలి. అది ఎక్కేదాకా వేలు ఎంత రుద్దినా బాణం కదలకపోవచ్చు.

బూట్ చేయడం

ఛార్జర్ పెట్టండి. లాప్‌టాప్ పూర్తిగా ఆపండి. విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి, పవర్ మీట నొక్కిన వెంటనే బూట్ మెను మీటను టపటపా నొక్కుతూ ఉండండి. హెచ్‌పీలో ఎఫ్9, డెల్‌లోనూ లెనోవోలోనూ ఎఫ్12, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 అయినా, ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి బూట్ మెనును ఆన్ చేయవలసి రావచ్చు. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్న పంక్తినే ఎంచుకోండి. రెండోది ఎంచుకుంటే చివర్లో డిస్కు జీపీటీ పద్ధతిలో ఉంది, వేయలేనని ఆగిపోతుంది.

నమ్మదగిన సంతకం లేని సిస్టమ్‌ను బూట్ కానివ్వని 'సెక్యూర్ బూట్' రక్షణను ఆపమని చాలామంది సలహా ఇస్తారు. అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ నుంచి నేరుగా దించుకున్న విండోస్ 10 సెక్యూర్ బూట్ ఉండగానే బూట్ అవుతుంది. ఆపాల్సి వచ్చిందంటే మీ పెన్‌డ్రైవ్ తయారీలోనే ఏదో తేడా ఉందని అనుమానించండి.

భాష, కీబోర్డు తెరలు దాటండి. కీ అడిగితే 'నా దగ్గర ప్రోడక్ట్ కీ లేదు' అనే అర్థం వచ్చే లింకు నొక్కండి. లాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌లోనే (డిస్కు తుడిచినా పోని, బోర్డు మీది చిప్‌లోని సాఫ్ట్‌వేర్‌లో) కీ ఉంటుంది కాబట్టి చాలాసార్లు అడగదు కూడా. హోమా, ప్రోనా అని అడిగితే ఇంతకుముందు ఉన్నదే ఎంచుకోండి. ఆ తర్వాతి తెరలో 'అప్‌గ్రేడ్' కాకుండా 'కస్టమ్' నొక్కండి.

డిస్కు కనిపించని తెర

మొదటి రాత్రి మేము చిక్కుకుపోయింది ఇక్కడే. డిస్కుల జాబితా ఉండవలసిన చోట తెల్లటి ఖాళీ పెట్టె. కింద పసుపు త్రికోణం, డ్రైవ్‌లేవీ దొరకలేదనే వాక్యం. కొత్త లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ అప్పుడే చెడిపోయిందా అని తమ్ముడి ముఖం వాడిపోయింది.

ఎస్ఎస్‌డీకి ఏమీ కాలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీకీ విండోస్‌కూ మధ్య వీఎండీ అనే నియంత్రణ ఒకటి కూర్చుని ఉంటుంది. దాని భాష విండోస్ 10 సెటప్‌కు తెలియదు. ఆ భాష నేర్పేదే మనం విప్పి పెట్టుకున్న స్టోరేజ్ డ్రైవర్. ఏఎమ్‌డీ లాప్‌టాప్ వారికి ఈ బెడద సాధారణంగా ఉండదు.

రెండో పెన్‌డ్రైవ్ పెట్టండి. అదే తెరలో కింద 'లోడ్ డ్రైవర్' నొక్కి, 'బ్రౌజ్'తో ఆ ఫోల్డరు చూపించండి. సరిపోని డ్రైవర్లను దాచే టిక్కు ఒకటి కింద ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. ఒకటి రెండు క్షణాల్లో 'ఇంటెల్ ఆర్ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్' అని, పక్కన ఒక సంఖ్యతో పంక్తి వస్తుంది. 11వ తరంలో ఆ సంఖ్య 9ఏ0బీ, 12వ తరంలో 467ఎఫ్. దాన్ని ఎంచుకుని 'నెక్స్ట్' నొక్కండి. మాకైతే ఆ ఖాళీ పెట్టెలో ఒక్కసారిగా నాలుగు వరుసలు వచ్చి నిలబడ్డాయి. పంక్తి రాకపోతే మీరు తెచ్చిన డ్రైవర్ మీ ప్రాసెసర్ తరానికి చెందినది కాదు. మీ మోడల్ పేజీ నుంచే మళ్లీ తెచ్చుకోండి.

డ్రైవర్ దొరకనివారికి ఇంకో దారి ఉంది. బయోస్‌లోకి వెళ్లి వీఎండీని ఆపేయవచ్చు. ఏసర్ లాప్‌టాప్‌లలో ఆ ఎంపిక దాగి ఉంటుంది. బయోస్‌లోని 'మెయిన్' ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కితే బయటికి వస్తుంది. కొన్ని మోడళ్లలో ఈ ఎంపిక అసలే ఉండదు. డ్రైవర్ పద్ధతినే నేను ముందు చెప్పింది అందుకే. వీఎండీ ఆపితే ఆ సంగతి కాగితం మీద రాసిపెట్టుకోండి, ఎప్పుడో ఒకనాడు కావలసి వస్తుంది.

పాతది తుడవడం

ఇప్పుడు జాబితాలో డ్రైవ్ 0 కింద నాలుగైదు భాగాలు కనిపిస్తాయి. 100 లేదా 260 ఎంబీల సిస్టమ్ భాగం, 16 ఎంబీల చిన్న భాగం, విండోస్ 11 ఉన్న పెద్ద భాగం, చివర రికవరీ భాగం. ఇక్కడ చేయి ఆపి ఒకసారి సరిచూసుకోండి. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఇక్కడ 476 జీబీగా, 1 టీబీ 931 జీబీగా కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లు వేరే నంబరుతో ఉంటాయి. బయటి హార్డ్ డిస్కు తగిలించి ఉంటే ముందే తీసేయండి. ఈ తెరలో పొరపాటున తుడిచింది తిరిగి రాదు.

రికవరీ డ్రైవ్ చేతిలో ఉంటే డ్రైవ్ 0లోని భాగాలన్నీ ఒక్కొక్కటిగా డిలీట్ చేయండి. చివరికి కేటాయించని స్థలం అనే ఒకే వరుస మిగలాలి. దాన్ని ఎంచుకుని 'నెక్స్ట్' నొక్కండి. కావలసిన భాగాలను విండోస్ తానే చేసుకుంటుంది. రికవరీ డ్రైవ్ చేసుకోనివారు మాత్రం దయచేసి ఇక్కడే వెనక్కి తిరగండి.

ఎస్ఎస్‌డీ మీద ఇరవై, ముప్పై నిమిషాల్లో పని ముగుస్తుంది. మధ్యలో రీస్టార్ట్ అయినప్పుడు ఏ మీటా నొక్కవద్దు.

మొదటి గంట

ప్రాంతం ఇండియా, కీబోర్డు ఇంగ్లీషు. నెట్‌వర్క్ తెరలో వై-ఫై పేర్లు కనిపించకపోతే కంగారు పడకండి, డ్రైవర్ ఇంకా లేదంతే. నెట్ లేదని చెప్పి ముందుకు వెళ్లండి. ఇలా వెళ్తే మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా మామూలు పేరుతో యూజర్ చేసుకోవచ్చు.

డెస్క్‌టాప్ వచ్చాక రెండో పెన్‌డ్రైవ్ నుంచి చిప్‌సెట్ మొదట, తర్వాత సీరియల్ ఐఓ, ఆపైన వై-ఫై, గ్రాఫిక్స్, ఆడియో వేయండి. వై-ఫై డ్రైవర్ దొరక్క ఇరుక్కుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగులలో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. విండోస్ 10 దాన్ని వేరే డ్రైవర్ అడగకుండా నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది. ఈ ఒక్క ఉపాయం మమ్మల్ని రెండో రాత్రి ఒడ్డెక్కించింది. తర్వాత 'విండోస్ అప్‌డేట్' నడపండి. అందులో 'ఐచ్ఛికం' అనే అర్థంతో ఉన్న అప్‌డేట్ల లింకు తెరిస్తే డ్రైవర్లు మరికొన్ని దొరుకుతాయి.

ఇప్పుడు స్టార్ట్ మీట మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తుతో 'అన్‌నోన్ డివైస్' అని మిగిలినవాటిని వదిలేయకండి. దాని ప్రాపర్టీస్‌లో 'డీటెయిల్స్' ట్యాబ్‌కు వెళ్లి, 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకుంటే ఒక పొడవైన వరుస వస్తుంది. అందులో వీఈఎన్ తర్వాతి నాలుగు అక్షరాలు తయారీదారు చిరునామా. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 1022 అంటే ఏఎమ్‌డీ, 14సీ3 అంటే మీడియాటెక్. ఎవరి డ్రైవర్ వెతకాలో దీనితో తేలిపోతుంది. ఊరూపేరూ లేని డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం దించవద్దు.

సెట్టింగులలో 'యాక్టివేషన్' చూడండి. ఫర్మ్‌వేర్‌లోని కీతో నెట్ తగలగానే చాలా లాప్‌టాప్‌లు తామే యాక్టివేట్ అవుతాయి. ప్రో ఉండి కూడా కాకపోతే మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌ను సంప్రదించండి.

అప్‌డేట్లన్నీ ఎక్కాక, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఈఎస్‌యూలో చేరే లింకు కోసం చూడండి. దీనికి మాత్రం మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పదు. సెట్టింగులను ఖాతాకు బ్యాకప్ చేస్తే ఉచితం. లేదా 1000 రివార్డ్ పాయింట్లు గాని, 30 డాలర్లకు సమానమైన రుసుము గాని కట్టవచ్చు. అదే పేజీలో విండోస్ 11కు మారమనే పిలుపూ వస్తుంది. ప్రస్తుతానికి 10లోనే ఉంటాననే లింకు నొక్కండి. ప్రో ఉన్నవారు గ్రూప్ పాలసీ అనే నిర్వహణ సెట్టింగులలో విండోస్ అప్‌డేట్ కింద లక్ష్య రకాన్ని విండోస్ 10, 22హెచ్2 అని కట్టేస్తే ఆ పిలుపు ఆగిపోతుంది. దుకాణంలో నలుగురు వాడే యంత్రానికి ఇది తప్పకుండా చేయండి. ఎవరో ఒకరు తెలియక నొక్కితే పడిన శ్రమంతా పోతుంది.

తెలుగు టైపింగ్‌కు 'టైమ్ అండ్ లాంగ్వేజ్' సెట్టింగులలో తెలుగు కలిపి, దాని ఎంపికల్లో ఫొనెటిక్ కీబోర్డు చేర్చుకోండి. 2019 మే అప్‌డేట్ నుంచి అది విండోస్ 10లోనే ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే యూనికోడ్ తెలుగు వస్తుంది. పాత ఫాంట్లు, డాంగిల్ డ్రైవర్ అన్నిటికంటే చివర వేయండి. డాంగిల్‌ను డ్రైవర్ ఎక్కేదాకా పోర్టులో పెట్టవద్దు. ముందే పెడితే విండోస్ దానికి తోచిన డ్రైవర్ తగిలించి, తర్వాత అసలుది ఎక్కకుండా చిక్కు తేవచ్చు.

తిరిగి 11కు రావాలంటే

వారంటీలో ఉండగా మరమ్మతుకు ఇస్తే సర్వీసువారు మొదటి సిస్టమ్ వేసి తెమ్మని అడగవచ్చు. లేదా డాంగిల్ అవసరమే తీరిపోవచ్చు. ఫైళ్లు బయటికి తీసి, వీఎండీని ఆపి ఉంటే ముందు బయోస్‌లో దాన్ని మళ్లీ ఆన్ చేయండి. తర్వాత చీటీ అంటించి దాచిన రికవరీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డ్రైవ్ నుంచి రికవర్ చేసే ఎంపిక నొక్కండి. ఆ పెన్‌డ్రైవ్ తర్వాత ఎప్పుడైనా పోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 పెన్‌డ్రైవ్ చేసుకుని ఇదే వరుసలో వేసుకోవచ్చు. కీ ఫర్మ్‌వేర్‌లోనే ఉంది కాబట్టి కొత్తగా కొననక్కరలేదు. కొత్త లాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టెలో చార్జరు గూడు పక్కన ఖాళీ ఉంటుంది. మా తమ్ముడు రికవరీ పెన్‌డ్రైవ్‌నూ, 48 అంకెలు రాసిన కాగితాన్నీ ఒక కవరులో పెట్టి అక్కడే ఉంచాడు.